కంప్యూటర్ సైన్స్ వీడియో పాఠాలు: పల్నాడు విద్యార్థికి పనికొచ్చే ఛానళ్ళు

కంప్యూటర్ సైన్స్ నేర్పే వీడియో ఛానళ్ళకు ఇప్పుడు కొరత లేదు. విశ్వవిద్యాలయాలు తమ తరగతులను రికార్డు చేసి పెట్టినవి, ప్రభుత్వ సొమ్ముతో నడిచేవి, గేట్ కోసమో కొలువు కోసమో తర్ఫీదు ఇచ్చే సంస్థలవి, ఒక్కరే బోర్డు ముందు నిలబడి చెప్పుకుపోయేవి, అన్నీ ఉచితంగానే దొరుకుతున్నాయి. దొరకనిది వరుస. ఏది ముందు చూడాలో, ఏది ఎక్కడ ఆపాలో, ఏ పాఠం ఎక్స్‌టర్నల్ పరీక్షకు సరిపోతుందో, ఏది సబ్జెక్టు అర్థం కావడానికి పనికొస్తుందో చెప్పేవాళ్ళు తక్కువ. ఈ వ్యాసం ఆ ఛానళ్ళను సత్తెనపల్లి ప్రాంతపు బీటెక్, డిగ్రీ విద్యార్థి వైపు నుంచి పరిచయం చేస్తుంది.

ఊరూ చదువూ

సత్తెనపల్లి గుంటూరు–మాచర్ల రోడ్డు మీద, గుంటూరు–నడికుడి రైలు మార్గంలో ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడిన పల్నాడు జిల్లాలోకి వచ్చింది. జిల్లా కేంద్రం నరసరావుపేట. చుట్టూ పత్తి, మిర్చి చేలు. పత్తి జిన్నింగ్ మిల్లులకు, మిర్చి గుంటూరు యార్డుకు పోతాయి. పిల్లలు కాలేజీ బస్సుల్లో గుంటూరు వైపో, నరసరావుపేట వైపో పోతారు. ఈ ప్రాంతపు ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలావాటికి కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధం ఉంది. ఆ విశ్వవిద్యాలయపు సొంత కాలేజీ ఒకటి నరసరావుపేటలోనే నడుస్తోంది. అందుకే ఇక్కడి విద్యార్థులు సిలబస్‌ను ఆర్-20, ఆర్-23 అని రెగ్యులేషన్ పేరుతో పిలుస్తారు. వీడియో వెతికేటప్పుడు కూడా సబ్జెక్టు పేరు పక్కన యూనిట్ నంబరు కొట్టి వెతుకుతారు. ఈ అలవాటే వాళ్ళకు ఏ ఛానళ్ళు కనబడతాయో చాలావరకు తేల్చేస్తుంది. సిలబస్ పేరుతో వెతికినవాళ్ళకు సిలబస్ వీడియోలే వస్తాయి.

భాష సంగతి కూడా ఇక్కడ ముఖ్యమే. సత్తెనపల్లిలో 1906లో పుట్టి, ఆ ఊరి నుంచి నాలుగుసార్లు శాసనసభకు ఎన్నికైన వావిలాల గోపాలకృష్ణయ్య, 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షుడు. దానికి ముందే, 1968లో, తెలుగు అకాడమి పుట్టింది. ఇంటర్, డిగ్రీ స్థాయి భౌతిక, రసాయన, ఆర్థిక శాస్త్రాలకు తెలుగులో పుస్తకాలు వచ్చాయి. కంప్యూటర్ సైన్స్ కాలేజీల్లోకి వచ్చే నాటికి ఆ ఊపు తగ్గింది. ఇంజనీరింగ్ ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంది. 2021–22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులూ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. అదే సమయంలో ఏఐసీటీఈ ప్రాంతీయ భాషల్లో బీటెక్‌కు అనుమతిచ్చి, కొన్ని పాఠ్యపుస్తకాలను తెలుగులోకి అనువదింపజేసింది. రెండు ప్రభుత్వ సంస్థలు ఒకే ఏడాది రెండు దిక్కులకు నడిచాయన్నమాట. తెలుగు మీడియం బడి నుంచి వచ్చిన విద్యార్థి పుస్తకంలో ఇంగ్లీషు చదివి, దాని అర్థం మాత్రం తెలుగులో వెతుక్కుంటాడు. వీడియో ఆ ఖాళీని పూడ్చగలదా అన్నదే ఈ ఛానళ్ళను తూచేటప్పుడు చూడాల్సిన మొదటి విషయం.

ఎలా మొదలైంది

పాఠాన్ని బొమ్మతో సహా దూరానికి పంపడం యూట్యూబ్‌తో పుట్టిన ఆలోచన కాదు. 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో కళాశాల విద్యార్థుల కోసం దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమం మొదలుపెట్టింది. 2003 జనవరిలో ఇంజనీరింగ్ పాఠాల కోసం ఏకలవ్య ఛానల్ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపగ్రహం ద్వారా మన టీవీ నడిపింది. తెలంగాణలో అది 2017లో టీ-శాట్‌గా మారి, విద్య, నిపుణ అనే రెండు ఛానళ్ళుగా ఇప్పుడు యూట్యూబ్‌లోనూ కనబడుతోంది. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు పల్లెటూరి బడుల నుంచి వచ్చిన పిల్లలందరికీ ల్యాప్‌టాప్‌లిచ్చి, వాటి మీదే పాఠాలు నడిపాయి. ఆ మూడింటినీ నడిపిన విశ్వవిద్యాలయపు తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డి, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న శాస్త్రవేత్త.

అమెరికాలో ఎంఐటీ తన కోర్సులన్నీ ఉచితంగా పెడతానని 2001లో ప్రకటించి, మరుసటి ఏడాది మొదటి విడత విడుదల చేసింది. అందులో ఇప్పటికీ చూసేవాళ్ళున్న పాత పాఠం 1986 నాటిది. అబెల్సన్, సస్‌మన్ అనే ఇద్దరు ఆచార్యులు హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ ఉద్యోగులకు ప్రోగ్రామింగ్ మూల సూత్రాలు చెప్పినప్పుడు తీసిన వీడియోలు అవి. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో ఆండ్రూ ఎన్‌జీ మెషీన్ లెర్నింగ్ కోర్సును ఇంటర్నెట్‌లో పెడితే లక్షమందికి పైగా పేరు నమోదు చేసుకున్నారు. మరుసటి ఏడాదే కోర్సెరా పుట్టింది.

పల్నాడులో ఇవన్నీ చాలాకాలం పేరు విన్నవే గాని చూసినవి కావు. వీడియో ఆడాలంటే డేటా ఉండాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక, తరవాత నెలకు 149 రూపాయల ప్యాకేజీతో ఏపీ ఫైబర్‌నెట్ వచ్చాక, ఆ అడ్డు తొలగింది. 2020 లాక్‌డౌన్ నాటికి వీడియోలో పాఠం వినడం ఇష్టాన్ని బట్టి చేసే పనిగా కాక, వేరే దారిలేని పనిగా మారింది.

ఎన్‌పీటీఈఎల్, స్వయం

ఒక్క ఛానలే చెప్పమంటే ఎన్‌పీటీఈఎల్ పేరే చెప్పాలి. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టిన పథకం ఇది. తొలి వీడియోలు నల్లబల్ల, సుద్దముక్క, కదలని కెమెరాతో ఉంటాయి. మొదటి పది నిమిషాలు ఓపిక పట్టాలి. ఆ ఓపికకు ఫలితం ఉంటుంది. ఆటోమేటా సిద్ధాంతం మీద మద్రాసు ఐఐటీ ఆచార్యురాలు కమలా కృతివాసన్ చెప్పిన పాఠాలు, డేటా స్ట్రక్చర్ల మీద ఢిల్లీ ఐఐటీ నుంచి నవీన్ గార్గ్ చెప్పినవి, కంపైలర్ల మీద ఐఐఎస్‌సీ నుంచి వై.ఎన్. శ్రీకాంత్ చెప్పినవి ఎప్పటివో అయినా పాతబడలేదు. పుష్‌డౌన్ ఆటోమేటన్‌కు కొత్త వెర్షన్ రాదు కదా.

2014లో ఎన్‌పీటీఈఎల్ వారం వారం పాఠాలు, అసైన్‌మెంట్లు, చివర పరీక్షతో సర్టిఫికెట్ కోర్సులు మొదలుపెట్టింది. 2017 జులై 9న కేంద్ర ప్రభుత్వం స్వయం వేదికను ప్రారంభించాక ఆ కోర్సులు అందులోకి చేరాయి. ఏడాదికి రెండు విడతలు, జనవరిలో ఒకటి, జులైలో ఒకటి. చేరడం ఉచితం, పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రం రుసుము కట్టాలి. మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు. పన్నెండు వారాల కోర్సులో ఎక్కువ మార్కులొచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. రెండింటిలోనూ విడివిడిగా కనీస మార్కులు రాకపోతే సర్టిఫికెట్ లేదు. 60కి ఎలీట్, 75కి వెండి, 90కి బంగారు ముద్ర. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, కేంద్రానికి వెళ్ళి రాయాలి. దానివల్లే ఆ కాగితానికి కాస్త విలువ ఉంది.

స్వయం కోర్సుల క్రెడిట్లను కాలేజీ కలుపుకోవచ్చని యూజీసీ నిబంధనలున్నాయి. 2021 నిబంధనలతో ఆ పరిమితి 40 శాతం దాకా పెరిగింది. లోకల్ చాప్టర్‌గా నమోదైన కాలేజీలు విద్యార్థులకు మెంటర్లను కేటాయిస్తాయి. ఇక్కడ ఒక పెడదారి గురించి చెప్పక తప్పదు. అసైన్‌మెంట్ గడువుకు ముందు రోజు జవాబులు మాత్రం చెప్పే వీడియోలు పుట్టుకొస్తాయి. వాటితో 25 మార్కుల దగ్గర గట్టెక్కినవాళ్ళు 75 దగ్గర దొరికిపోతారు.

ఏ కోర్సుతో మొదలుపెట్టాలి? ప్రోగ్రామింగ్ అసలు రానివాళ్ళకు రోపర్ ఐఐటీ ఆచార్యుడు సుదర్శన్ అయ్యంగార్ బృందం చెప్పే పైథాన్ కోర్సు, ‘జాయ్ ఆఫ్ కంప్యూటింగ్’. చిన్న చిన్న ఆటలతో, కబుర్లతో నడుస్తుంది. కొంచెం వచ్చినవాళ్ళకు చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యుడు మాధవన్ ముకుంద్ పాఠాలు. మాట పొదుపు, ఉదాహరణ సూటి, ఒక్క వాక్యం వృథా పోదు. మొదటి కోర్సు సరదాగా ఉందని రెండోది కూడా అలాగే ఉంటుందనుకోకూడదు. రెండోది కాగితం, పెన్ను లేకుండా చూస్తే ఒంటబట్టదు.

మొదటి మెట్టు: సీ, పైథాన్

మొదటి ఏడాదిలో సీ భాష ఉంటుంది. తెలుగులో సీ నేర్పే వీడియోలు కొల్లలు. వాటిలో పాతవి చాలా టర్బో సీ నీలం తెర మీద నడుస్తాయి. ఆ తెర చూడగానే జాగ్రత్తపడాలి. టర్బో సీ డాస్ కాలపు 16 బిట్ల కంపైలర్. అందులో ఇంటీజర్ 2 బైట్లు, గరిష్ఠ విలువ 32,767. ఇప్పటి జీసీసీలో అది 4 బైట్లు, గరిష్ఠం 214 కోట్ల పైచిలుకు. పాత వీడియో చూసి కోనియో హెడర్ ఫైలు రాసి, తెర తుడిచే క్లర్‌స్కర్ ఫంక్షన్ పిలిచి, వాయిడ్ మెయిన్ అని మొదలుపెట్టిన ప్రోగ్రామ్ లైనక్స్ ల్యాబ్‌లో ఎర్రర్లు ఇస్తుంది. విద్యార్థి తప్పు తనదేననుకుంటాడు. తప్పు వీడియో వయసుది. సీ పాఠం ఎంచుకునేటప్పుడు టీచరు బాగా చెబుతున్నారా అని చూసే ముందు ఏ కంపైలర్ వాడుతున్నారో చూడాలి.

కంప్యూటర్ సైన్స్ అంటే ఏమిటో మొత్తంగా తెలియాలంటే హార్వర్డ్ వారి సీఎస్50 ఉంది. డేవిడ్ మలన్ 2007 నుంచి నడుపుతున్న కోర్సు ఇది. మొదటి తరగతిలో ఆయన లావాటి టెలిఫోన్ డైరెక్టరీ తీసుకుని, ఒక పేరు కోసం మధ్యకు తెరిచి, అక్కర్లేని సగాన్ని చించి పారేసే దృశ్యం ప్రసిద్ధం. బైనరీ సెర్చ్‌ను అంతకంటె బాగా చూపించినవాళ్ళు అరుదు. కోర్సు స్క్రాచ్‌తో మొదలై సీకి, తరవాత పైథాన్, ఎస్‌క్యూఎల్‌కు పోతుంది. మలన్ వేగంగా మాట్లాడతాడు, కాని ప్రతి మాటకూ సబ్‌టైటిల్ ఉంది. ఇంగ్లీషు వినడం అలవాటు లేనివాళ్ళు సబ్‌టైటిల్ పెట్టుకుని, వేగం కొంచెం తగ్గించుకుని చూడవచ్చు. కోర్సులో అసలు సరుకు వారం వారం ఇచ్చే లెక్కలు. అవి చెయ్యకుండా వీడియోలు మాత్రం చూస్తే మంచి ప్రదర్శన చూసినట్టవుతుంది, అంతే.

ఇంగ్లీషే అడ్డం అనుకునేవాళ్ళకు బొంబాయి ఐఐటీ ఆచార్యుడు కన్నన్ మౌద్గల్య నడిపిన స్పోకెన్ ట్యుటోరియల్ పథకం ఉంది. ఒక్కో పాఠం పది నిమిషాల చుట్టూ ఉంటుంది. లైనక్స్, సీ, పైథాన్, లిబర్ఆఫీస్, లేటెక్ లాంటి వాటి మీద చాలా పాఠాలు తెలుగు గొంతుతోనూ ఉన్నాయి. వీటిని చూసే పద్ధతి వేరు. ఒక పక్క వీడియో, మరో పక్క టెర్మినల్ పెట్టుకుని, వాళ్ళు ఒకటి చేసి ఆపగానే మనమూ చెయ్యాలి. గొంతు కొంచెం యాంత్రికంగా ఉంటుంది. అయినా ప్రభుత్వ సొమ్ముతో తెలుగులో వచ్చిన కంప్యూటర్ పాఠాల్లో ఇంత క్రమంగా చేసింది మరొకటి చూపడం కష్టం.

డేటా స్ట్రక్చర్లు, అల్గారిదమ్‌లు

బీటెక్ మొత్తంలో ఒక్క సబ్జెక్టే గట్టిగా నేర్చుకోగలిగితే అది డేటా స్ట్రక్చర్లు, అల్గారిదమ్‌లే కావాలి. కొలువుల పరీక్షలు దీని చుట్టూనే తిరుగుతాయి.

మైకోడ్‌స్కూల్ ఛానల్‌లో లింక్డ్ లిస్ట్, పాయింటర్ల పాఠాలు ఎన్నేళ్ళయినా కొత్తవాళ్ళకు మొదటి సిఫారసుగా నిలిచే ఉన్నాయి. మెమరీలో ఏ చిరునామాలో ఏముందో గళ్ళు గీసి చూపిస్తూ చెప్పడం దాని బలం. ఆ ఛానల్ స్థాపకుల్లో ఒకరైన హర్ష సూర్యనారాయణ, ప్రోగ్రామింగ్ పోటీల్లో ‘హంబుల్‌ఫూల్’ పేరుతో దేశమంతా ఎరిగిన మనిషి, 2014లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. కొత్త వీడియోలు రాకపోయినా పాతవాటికి విద్యార్థులు వస్తూనే ఉన్నారు.

అబ్దుల్ బారీ తెల్లబోర్డు మీద అల్గారిదమ్‌లు చెప్పే తీరు వేరు. ఒక పట్టిక మొదలుపెడితే చివరి గడి దాకా నింపుతాడు. డైనమిక్ ప్రోగ్రామింగ్‌లో నాప్‌సాక్, మ్యాట్రిక్స్ చెయిన్ లెక్కలు పరీక్షలో అడిగే రూపంలోనే ఉంటాయి కాబట్టి అల్గారిదమ్‌ల (డీఏఏ) పేపర్ ముందు మన విద్యార్థులు ఆ ఛానల్ దగ్గరే తేలతారు. ‘ఎలా’ అన్నది ఆయన దగ్గర తెలుస్తుంది. ‘ఎందుకు సరైనది’ అన్న రుజువు కావాలంటే ఎంఐటీ 6.006 కోర్సుకు పోవాలి. 2011 తరగతుల్లో ఎరిక్ డెమైన్, శ్రీని దేవదాస్ చెప్పారు. 2020 తరగతులూ అందులో ఉన్నాయి. ఈ మూడింటినీ వరుసగా చూస్తే మైకోడ్‌స్కూల్‌లో బొమ్మ, బారీ దగ్గర లెక్క, ఎంఐటీలో రుజువు వస్తాయి.

ఒక చిక్కు మాత్రం ఏ ఛానలూ తీర్చదు. స్టాక్‌కు ఉదాహరణగా ఇంగ్లీషు పాఠ్యగ్రంథాలు ఫలహారశాలలో స్ప్రింగు మీద పేర్చిన ప్లేట్లను చూపిస్తాయి. కోల్డ్ స్టోరేజీలో ఒకదాని మీద ఒకటి పేర్చిన మిర్చి టిక్కీల్లో చివర వేసిందే ముందు దిగుతుందని చెబితే ఈ ప్రాంతపు విద్యార్థికి మారుమాట అక్కర్లేదు. తెలుగు ఛానళ్ళు సైతం ఇంగ్లీషు పుస్తకంలోని ప్లేట్లనే తెలుగులో చెప్పి ఊరుకుంటాయి.

లోపలి యంత్రాంగం

ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డీబీఎంఎస్, కంపైలర్లు, ఆర్కిటెక్చర్. మన దగ్గర వీటిని ఇంపార్టెంట్ క్వశ్చన్లుగా చదివి గట్టెక్కించే సబ్జెక్టులుగా చూస్తారు. నిజానికి వీడియో ఎక్కువ మేలు చేసేది ఇక్కడే.

ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు బొంబాయి ఐఐటీలో పనిచేసే మైథిలి వుటుకూరు పాఠాలు మొదట చూడాలి. ప్రాసెస్ అంటే ఏమిటి, ఫోర్క్ పిలిస్తే ఏమవుతుంది, పేజ్ టేబుల్ ఎవరు నింపుతారు అన్నవాటిని ఆమె ఒక్కో మెట్టు మీదా ఆగి చెబుతుంది. పాత యూనిక్స్ తీరులో ఎంఐటీవాళ్ళు బోధన కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌ను తెరిచి చూపిస్తుంది. మద్రాసు ఐఐటీ నుంచి చెస్టర్ రెబీరో కోర్సు కూడా ఎక్స్‌వీ6 మీదే నడుస్తుంది. రౌండ్ రాబిన్ గాంట్ చార్ట్ గీయడం దగ్గరే ఆగిపోయిన విద్యార్థికి ఈ రెండూ కళ్ళు తెరిపిస్తాయి.

నెట్‌వర్క్స్‌లో జిమ్ కురోస్ తన పాఠ్యగ్రంథానికి తానే చెప్పిన వీడియోలున్నాయి. ఒక తిరకాసు గమనించాలి. మన సిలబస్‌లు ఎక్కువగా టానెన్‌బామ్ పుస్తకం దారిలో తీగల నుంచి పైకి, ఫిజికల్ లేయర్ నుంచి అప్లికేషన్ లేయర్‌కు ఎక్కుతాయి. కురోస్ పైనుంచి కిందికి దిగుతాడు. ఆయన మొదటి అధ్యాయాలు మన చివరి యూనిట్లు. మిడ్స్ ముందు ఈ సంగతి తెలియకుండా మొదలుపెడితే గందరగోళం. సెలవుల్లో చూడడం మేలు.

డీబీఎంఎస్‌కు ఖరగ్‌పూర్ ఐఐటీ ఆచార్యుడు పార్థప్రతిమ్ దాస్ కోర్సు సిలబస్‌కు దగ్గరగా ఉంటుంది. డేటాబేస్‌ను వాడడం కాదు, కట్టడం ఎలాగో తెలియాలంటే కార్నెగీ మెలన్‌లో ఆండీ పావ్లో పాఠాలున్నాయి. విద్యార్థులు సీ ప్లస్ ప్లస్‌లో డేటాబేస్ లోపలి భాగాలను స్వయంగా రాయాల్సిన కోర్సు అది. థియరీ ఆఫ్ కంప్యుటేషన్‌లో, మనవాళ్ళు ఫ్లాట్ అని పిలిచే సబ్జెక్టులో, పాఠ్యగ్రంథ రచయిత మైకేల్ సిప్సర్ 2020లో ఎంఐటీలో చెప్పిన తరగతులున్నాయి. ఆర్కిటెక్చర్‌కు ఢిల్లీ ఐఐటీ స్మృతి రంజన్ సారంగి, జ్యూరిక్ నుంచి ఓనుర్ ముత్లు. ముత్లు తరగతులు పొడవు. పరీక్ష కోసం చూసేవి కావు.

బెన్ ఈటర్ ఛానల్ వీటన్నిటికీ భిన్నం. బ్రెడ్‌బోర్డుల మీద చిప్పులు, తీగలు గుచ్చుతూ ఒక 8 బిట్ల కంప్యూటర్‌ను మొదటి నుంచి కడతాడు. క్లాక్, రిజిస్టర్లు, కూడిక యంత్రం, కంట్రోల్ సిగ్నళ్ళు, అన్నీ కళ్ళ ముందు దీపాలుగా వెలుగుతాయి. అందులోని భాగాలు చాలావరకు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే దొరికే రకాలే. ఒక ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును ఎవరి దగ్గరో కొనుక్కోవడం కంటె ఈ యంత్రంలో సగం కట్టినా ఎక్కువ వస్తుంది.

ఏఐ మోజు

ఇప్పుడు వెతుకులాటంతా ఏఐ కోసమే. పది గంటల్లో ఏఐ మొత్తం నేర్పుతామనే వీడియోలు వరుస కడతాయి. వాటిని దాటేసి, ముందు లెక్కల దగ్గర ఆగాలి. ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు రెండు దశాబ్దాలకు పైగా ఉచితంగా ఉన్నాయి. ఆయన 2023 మే నెలలో, 88 ఏళ్ళ వయసులో, చివరి తరగతి చెప్పి విరమించాడు. అవే విషయాలను కదిలే బొమ్మలతో చూపించే ఛానల్ గ్రాంట్ శాండర్సన్ నడిపే త్రీబ్లూవన్‌బ్రౌన్. 2017లో అతను పెట్టిన న్యూరల్ నెట్‌వర్క్ వీడియోలు చూశాక బ్యాక్‌ప్రొపగేషన్ గొలుసు నియమంగా కనబడుతుంది, మంత్రంగా కాదు.

ఆ తరవాత మద్రాసు ఐఐటీ నుంచి బలరామన్ రవీంద్రన్ మెషీన్ లెర్నింగ్, మితేశ్ ఖాప్రా డీప్ లెర్నింగ్. ఖాప్రా లెక్కను దాటవేయడు. ప్రతి డెరివేటివ్ రాసి చూపిస్తాడు. ఆయన సహ స్థాపకుడిగా ఉన్న ఏఐ4భారత్ తెలుగు సహా భారతీయ భాషలకు యంత్రానువాదం తయారుచేస్తోంది. కోడ్ రాస్తూ నేర్చుకోవాలంటే ఆండ్రే కార్పథీ 2022లో మొదలుపెట్టిన వరుస ఉంది. ఖాళీ ఫైలుతో మొదలుపెట్టి చిన్న జీపీటీ దాకా తీసుకుపోతాడు. పైథాన్ ధారాళంగా రాకుండా దాని జోలికి పోతే మొదటి వీడియోలోనే చేతులెత్తేయాల్సి వస్తుంది.

గేట్, కొలువులు, అమీర్‌పేట

గేట్ విద్యార్థులకు రావుల రవీంద్రబాబు పేరు పరిచయం అక్కర్లేదు. ఐఐఎస్‌సీలో చదివి, గేట్ కంప్యూటర్ సైన్స్ సబ్జెక్టులను యూట్యూబ్‌లో ఉచితంగా చెప్పి, ఉత్తరాది విద్యార్థులకూ దగ్గరైన తెలుగువాడు. పాత వీడియోల్లో శబ్దం అంత బాగుండదు. ప్రశ్నను విడగొట్టే తీరు బాగుంటుంది. నెసో అకాడమీ చిన్న చిన్న వీడియోల్లో ఒక్కో భావన చెబుతుంది. గేట్ స్మాషర్స్‌కు దేశంలో ఆదరణ ఎక్కువే గాని పాఠం హిందీ కలిపి నడుస్తుంది. హిందీని పరీక్ష గట్టెక్కడానికి మాత్రం చదివిన మన జిల్లా విద్యార్థికి రెండు భాషలు ఒకేసారి అర్థం చేసుకోవడం అదనపు బరువు. జెన్నీస్ లెక్చర్స్ కూడా అలాంటిదే, ఇంగ్లీషు పాలు కాస్త ఎక్కువ.

ఉమ్మడి రాష్ట్ర కాలం నుంచి గుంటూరు ప్రాంతపు గ్రాడ్యుయేట్లకు హైదరాబాద్ అమీర్‌పేట ఒక మజిలీ. ఎస్సార్ నగర్ హాస్టల్, మైత్రీవనం, ఒక కోర్సు, ఒక మెటీరియల్ కట్ట. అక్కడి నరేశ్ ఐ టెక్నాలజీస్, దుర్గా సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్ తమ తరగతులను యూట్యూబ్‌లో పెట్టడంతో ఆ మజిలీలో కొంత భాగం సత్తెనపల్లికే వచ్చింది. దుర్గ కోర్ జావా పాఠాలు సుదీర్ఘం, నిదానం. ఒక్కో నియమాన్ని పది కోణాల్లో అడిగి చూపిస్తారు. జావాలో గట్టి పునాది కావాలంటే అవి మంచివి, పని గబగబా కావాలంటే కాదు. నవీన్ రెడ్డి నడిపే తెలుస్కో ఛానల్ పేరు తెలుగు, పాఠం ఇంగ్లీషు. జావా, స్ప్రింగ్ కొత్త వెర్షన్లు వచ్చినప్పుడల్లా తాజా వీడియోలు పెడుతుంటాడు. స్ట్రైవర్ పేరుతో పిలిచే రాజ్ విక్రమాదిత్య, టేక్‌యూఫార్వర్డ్ ఛానల్‌లో ఇంటర్వ్యూ ప్రశ్నలను వరుస పెట్టి ఇచ్చాడు. ఆ జాబితా మన కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరుగుతుంటుంది.

ఈ రకం ఛానళ్ళకు గడువు తేదీ ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. రియాక్ట్, ఆండ్రాయిడ్, క్లౌడ్ పాఠాలు రెండు మూడేళ్ళకే పాతబడతాయి. వీటిలో వీడియో తేదీ చూసే మొదలుపెట్టాలి.

తెలుగులో ఉన్నదీ లేనిదీ

తెలుగులో, లేదా తెలుగు కలిసిన ఇంగ్లీషులో చెప్పే ఛానళ్ళు రెండు గుంపులు. ఒకటి, సీ, పైథాన్, జావా, హెచ్‌టీఎమ్‌ఎల్ లాంటి భాషలను మొదటి నుంచి చెప్పేవి. వంశీ భవాని పాఠాలు ఈ కోవలోవి. రెండోది, జేఎన్‌టీయూ సబ్జెక్టులను యూనిట్ల వారీగా, పరీక్షలో రాయాల్సిన తీరులో చెప్పేవి. మాట సులువు, నడక సిలబస్ వెంట. సప్లీ రాసే విద్యార్థికి రెండు రాత్రుల్లో ఇవి ఆదుకుంటాయి. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. బ్యాక్‌లాగ్ తీరకపోతే డిగ్రీయే లేదు.

లేనిది మధ్య అంతస్తు. కర్నల్ కోడ్ తెరిచి తెలుగులో నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సు, అల్గారిదమ్ రుజువులను తెలుగులో వాదించి చూపే పాఠం, తెలుగులో ఒక చిన్న కంపైలర్ కట్టి చూపే వరుస, వీటి కోసం వెతికితే చేతికి చిక్కేది చాలా తక్కువ. కారణం ఊహించలేనిది కాదు. మొదటి మెట్టు పాఠానికి చూసేవాళ్ళు లక్షలు, పరీక్ష పాఠానికి సీజన్ ఉంది, మధ్య అంతస్తుకు రెండూ లేవు. ప్రకటనల ఆదాయం మీద నడిచే ఛానల్ ఆ పని చేస్తుందని ఆశించలేం. విశ్వవిద్యాలయాలు చెయ్యాలి. ఎన్‌పీటీఈఎల్ తన పాఠాలను తెలుగు సహా పలు భాషల్లోకి అనువదిస్తూ సబ్‌టైటిళ్ళు, పాఠ్య ప్రతులు ఇస్తోంది. పారిభాషిక పదాలను బలవంతంగా తెలుగు చేసిన చోట చదవడం కష్టం. ‘డెడ్‌లాక్’ను డెడ్‌లాక్‌గానే ఉంచి చుట్టూ వాక్యం తెలుగులో ఉన్న చోట హాయిగా సాగుతుంది. తరగతి గదిలో మన అధ్యాపకులు ఎలాగూ అలాగే మాట్లాడతారు.

ఫోన్ ఒక్కటే ఉన్నప్పుడు

చాలామందికి మొదటి ఏడాది ల్యాప్‌టాప్ ఉండదు. మిర్చికి ధర పలికిన ఏడు కొంటారు, లేనప్పుడు మూడో ఏడాదికి వాయిదా పడుతుంది. అప్పటిదాకా ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే చెయ్యగలిగింది చాలా ఉంది. టెర్మక్స్ యాప్‌లో సీ కంపైలర్, పైథాన్ రెండూ నడుస్తాయి. పైడ్రాయిడ్‌లో పైథాన్ ఇంకా సులువు. మెషీన్ లెర్నింగ్‌కు గూగుల్ కోల్యాబ్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, బరువంతా అవతలి సర్వర్ మోస్తుంది. బోర్డు మీద రాసే పాఠాలు 480పీలో కూడా స్పష్టంగా ఉంటాయి. కోడ్ చూపించే పాఠాలకే 720పీ కావాలి. ఎన్‌పీటీఈఎల్ వీడియోలను సైటు నుంచి దించుకోవచ్చు కాబట్టి, కాలేజీ వైఫైలో దించి బస్సులో చూడడం డేటా మిగిల్చే పద్ధతి. బస్సులో విన్నదాన్ని ఆ రాత్రే ఫోన్‌లో టైప్ చేసి నడిపించకపోతే వారం తిరిగేసరికి మళ్ళీ మొదటి నుంచి చూడాల్సి వస్తుంది. కీబోర్డు ఇబ్బందైతే ఓటీజీ తీగతో మామూలు యూఎస్‌బీ కీబోర్డు ఫోన్‌కే తగిలించుకోవచ్చు.